గిరావీన్ కొలువులో బ్యాంకాక్ జంట

జంట బొమ్మ లేకుండా కొలువు పెట్టేది లేదని మా వియ్యపురాలు శారదాంబగారు తేల్చి చెప్పేశారు.

"సెట్టిగారూ సెట్టెమ్మా పక్కపక్కన కూర్చోని ఉంటేనే అది కొలువు, వదినగారూ. లేకపోతే ఏందది, బొమ్మలంగడి!" అన్నారు కాన్‌బెర్రా నుంచి ఫోన్‌లో.

మా మనవరాలు తన్మయి పక్కనే నిలబడి వింటోంది. దాని మొహం చిన్నబోయింది. పోయిన దసరాకి మా వీధిలో ఎవరింట్లోనో కొలువు చూసి వచ్చిన దగ్గర నుంచి, మనింట్లోనూ పెడదామని అది నా కొంగు వదలడం లేదు. క్లాసులో స్నేహితురాళ్లందరినీ పిలిచేసుకుంది కూడా.

కొలువంటే ఎవరు పడితే వాళ్లు మొదలుపెట్టేది కాదు. ఇంటికి ఆనవాయితీ ఉండాలి. మా పుట్టింట్లో లేదు, మా అత్తింట్లోనూ లేదు. మా అల్లుడు భానుప్రసాద్ వాళ్లకి ఉంది. వాళ్లది నెల్లూరు. శారదాంబగారు తన అత్తగారి చేతి మీదుగా అందుకున్నారు. ఆవిడ కాన్‌బెర్రాలోని గంగాలిన్‌లో పెద్దకొడుకు దగ్గర ఉంటారు. ఆవిడ సిడ్నీలో మేముండే గిరావీన్ వచ్చి మొదటి బొమ్మ పెడితేనే మా అమ్మాయి శ్రీదివ్య ఇంటికి ఆ ఆనవాయితీ వస్తుంది. ఆవిడ పెట్టాలంటే జంట ఉండాలి. అంగడి సరుకుల ముందు కూర్చునే ఆ ముసలి జంటేమో ఎక్కడా దొరకడం లేదు.

నెల్లూరులో ఉన్న పాత జంటని ఆవిడ ఆడపడుచు ఇవ్వనంది. సరే, కొత్తది కొని కొరియర్‌లో పంపించమంటే, పెట్టె విప్పేసరికి సెట్టెమ్మకి తల లేదు. మొగుడు మాత్రం చెక్కు చెదరలేదు. "ఎప్పుడూ అంతే," అన్నారు శారదాంబగారు. సిడ్నీ షాపుల్లో వినాయకులూ కృష్ణులూ కావలసినంత మంది ఉన్నారు. నేను వెళ్లి సెట్టిగారున్నారా అని అడిగితే, కౌంటర్లో ఉన్న అబ్బాయి "ఓనర్ ఆర్వోలో వస్తారు ఆంటీ" అన్నాడు. ఆర్వో అంటే ఇక్కడివాళ్ల భాషలో మధ్యాహ్నమట.

అట్లా ఉండగా స్కూలు సెలవుల్లో శ్రీదివ్యకి ఆఫీసు మీటింగులు బ్యాంకాక్‌లో పడ్డాయి. "అమ్మా, తన్మయిని తీసుకుని నువ్వూ రా. అత్తయ్యని కూడా పిలుద్దాం. అక్కడ దొరకనిదంటూ లేదంటారు, మీ సెట్టిగారు కూడా దొరుకుతాడేమో," అంది. శారదాంబగారు మొగుణ్ణి, అంటే మా చలపతి అన్నయ్యగారిని, గిరావీన్‌లో కొడుకు పక్కన టీవీ ముందు కూర్చోబెట్టి, కారప్పొడి డబ్బా సంచిలో వేసుకుని బయలుదేరారు.

మొదటిరోజు శ్రీదివ్య మమ్మల్ని హోటల్ పక్కనున్న మాల్‌లో వదిలి, "ఏసీ ఉంది, టాయిలెట్లున్నాయి, ఇక్కడే తిరగండి, బయటికి వెళ్లొద్దు," అని మరీ మరీ చెప్పి మీటింగ్‌కి వెళ్లింది. మాల్ బ్రహ్మాండంగా ఉంది. బొమ్మలూ ఉన్నాయి. పళ్లు బయటపెట్టి నవ్వే బొచ్చు బొమ్మలు.

"ఇది చూస్తే పేరంటాళ్లు తాంబూలం ఆడే పడేసి పరిగెత్తుతారు," అన్నారు శారదాంబగారు.

"నానమ్మా, దే ఆర్ క్యూట్!" అంది తన్మయి.

"క్యూటో పాటో, దీన్ని లక్ష్మీదేవి పక్కన పెడతావా?"

తన్మయి ఫోన్ తీసి ఏదో వెతికి, "మార్కెట్స్ ఉన్నాయి అమ్మమ్మా. రియల్ వీర్డ్ వన్స్. మమ్మీకి టెక్స్ట్ చేశా, డ్రైవర్‌ని పంపిస్తానంది," అంది. అక్షరాలు నాకు ఎక్కడికెళ్లినా కష్టమే. ఇక్కడి బోర్డులు శారదాంబగారికీ చదవడం రాదు కాబట్టి ఆవిడా నేనూ సమానమయ్యాం. ఆ సంగతి నాకు లోపల్లోపల సంతోషంగానే ఉంది.

డ్రైవరు మొదట మమ్మల్ని ఒక కాలవ దగ్గర దించాడు. సంత అంతా నీళ్ల మీదే. మెట్ల మీద కూర్చుంటే పడవలు మన కాళ్ల దగ్గరికి వస్తాయి. ఒక పడవలో జామకాయలు, ఒకదాంట్లో పూలు, ఇంకోదాంట్లో పొయ్యి మీద బాణలి పెట్టుకుని ఒకావిడ చేపలు కాలుస్తోంది. డబ్బు తీసుకోవడానికి పొడుగాటి గెడకి చిన్న బుట్ట కట్టి మన ముక్కు ముందుకి చాపుతారు. శారదాంబగారు ఒక పడవలో కొబ్బరి బూరెల్లాంటివి చూసి మోజుపడ్డారు. బేరం మాత్రం తెలుగులోనే.

"ఏందమ్మా, ఇంత చిన్నవి! ఇంకో రెండు వెయ్యి."

ఆ పడవామె ఏదో తన భాషలో అంది. అర్థం కాలేదు గానీ, అంత పెద్దదానివి ఇంత చిన్నవాటికి గొడవపడతావా అన్నట్టే ఉంది. ఇద్దరూ కాసేపు అట్లా మాట్లాడుకున్నారు, ఎవరి భాషలో వాళ్లు. చివరికి బుట్టలో ఇంకో రెండు బూరెలు వచ్చాయి.

"చూసినారా? అడిగితే గదా ఇచ్చేది," అన్నారావిడ గర్వంగా.

సెట్టిగారు మాత్రం ఏ పడవలోనూ రాలేదు.

తర్వాత నది ఒడ్డున ఒక ఇరుకు సందు. అక్కడ చాపల మీద, బల్లల మీద చింతగింజంత బుద్ధుడి బిళ్లలు కుప్పలు పోసి ఉన్నాయి. పెద్ద పెద్ద ఆఫీసర్లలాగా ఉన్న మగవాళ్లు కంటికి భూతద్దం పెట్టుకుని, మా ఊళ్లో కందులు ఏరినట్టు ఒక్కొక్కటీ ఏరి చూస్తున్నారు. బిళ్ల మెళ్లో కట్టుకుంటే ఆపద రాదట. ఆ సందులోనే ఒకాయన పళ్లెం నిండా కట్టుడు పళ్లు పెట్టుకుని కూర్చున్నాడు.

"ఇవి ఎవరివి?" అన్నాను భయంగా.

"ఎవరివైతే మనకేం. మీ అన్నయ్యగారికి ఒక సెట్టు తీసుకుంటే పోలా? ఆయనవి సగం టైం గ్లాసులోనే ఉండాయి," అన్నారు శారదాంబగారు.

"నానమ్మా, యక్!" అని తన్మయి మా ఇద్దరి చేతులూ పట్టుకుని బయటికి లాగింది.

ఆ తర్వాత వెళ్లిన వీధిని నేను మరిచిపోలేను. వీధి పొడుగునా దేవుళ్ల దుకాణాలే. ఆరడుగుల బుద్ధుళ్లు ప్లాస్టిక్ కాగితం చుట్టుకుని ఫుట్‌పాత్ మీద వరసగా కూర్చున్నారు, బస్సు కోసం ఎదురుచూస్తున్నట్టు. ఒకాయన్ని ట్రక్కు వెనక ఎక్కించి, పడిపోకుండా నడుముకి తాడు కడుతున్నారు. షాపుల ముందు పసుప్పచ్చని బకెట్లు మేడలా పేర్చి ఉన్నాయి. ఒక్కో బకెట్లో సబ్బు, పళ్లపొడి, గొడుగు, టీ పొట్లం, బిస్కెట్లు సర్ది, పైన మెరుపు కాగితం వేసి రిబ్బను కట్టారు.

శారదాంబగారు ఆగిపోయారు. "వదినగారూ! రెడీమేడ్ వాయనం! ఏం తెలివమ్మా వీళ్లది! మనం కూర్చోని పళ్లూ ఆకులూ రవికె గుడ్డా సర్దే పన్లేదు. పేరంటాలికొక బకెట్ ఇచ్చి పంపిస్తే సరి."

నేను కాగితం పక్కనుంచి తొంగిచూశాను. "అడుగున కాషాయం గుడ్డ ఉందండీ. ఇవి సన్యాసులకిచ్చేవి. పేరంటాళ్లకిస్తే వాళ్ల మొగుళ్లు మన మీదకొస్తారు."

ఆవిడ నవ్వు ఆపుకోలేక ఆ బకెట్ మీదే చెయ్యేసి నిలబడ్డారు. షాపువాడు కొంటుందేమోనని రెండోది కూడా తెచ్చాడు.

ఆ వీధి మలుపులోనే దొరికాయి.

అక్కడొక దుకాణం ముందు, ఒంటి స్తంభం మీద నిలబెట్టిన చిన్న చిన్న ఇళ్లున్నాయి, తులసికోట ఎత్తున. లోపల అరల నిండా బొమ్మలు. వేలెడంత నాట్యగత్తెలు కిరీటాలతో, జీనులు కట్టిన గుర్రాలు, తొండమెత్తిన ఏనుగులు. వాటి వెనక, దుమ్ములో, చాప మీద కూర్చున్న ఒక ముసలాయనా ముసలావిడా. ఆయనకి తెల్లజుట్టు, భుజం మీద కండువా. ఆవిడకి ముడి, వల్లెవాటు. ఇద్దరూ మోకాళ్లు పక్కకి మడిచి, ఎవరో వస్తారని చూస్తున్నట్టు నవ్వుతున్నారు.

శారదాంబగారు నా చెయ్యి గట్టిగా పట్టుకున్నారు.

"సెట్టిగారు," అన్నారు చివరికి. "వదినగారూ, సెట్టిగారూ సెట్టెమ్మా! ముందు నాలుగు బియ్యం మూటలు పెడితే అచ్చం మా అత్తగారి జంటే!"

తన్మయి గెంతింది. నాకూ కళ్లు చెమర్చాయి.

కొట్టామె వచ్చి మమ్మల్ని చూసి, వచ్చీరాని ఇంగ్లీషులో "హౌస్? యూ హావ్ హౌస్?" అంది.

"ఎస్, ఎస్. గిరావీన్," అన్నారు శారదాంబగారు. "ఫోర్ బెడ్‌రూమ్."

కొట్టామె బయటున్న చిన్న ఇంటిని చూపించింది. వద్దని తల ఊపాం. "నో హౌస్? ఓన్లీ పీపుల్?" అని ఆవిడ ఇంకెవరినో పిలిచి చెప్పి, ఇద్దరూ నవ్వుకున్నారు. ఇల్లు కూడా అంటగట్టాలని చూస్తోందని మేం అనుకున్నాం. జంటనీ, తన్మయి ఏరుకున్న నాట్యగత్తెల్నీ, రెండు ఏనుగుల్నీ ఆవిడ ఎండుగడ్డిలో పొదిగి అట్టపెట్టెలో సర్ది ఇచ్చింది. ఇవ్వబోయే ముందు జంటకి రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టింది. సరుకు మీద ఎంత భక్తి అనుకున్నాం.

సిడ్నీలో విమానం దిగబోతుంటే శ్రీదివ్యకి పెట్టె సంగతి గుర్తొచ్చింది. "లోపల ఏం పెట్టి ప్యాక్ చేశారమ్మా?"

"ఎండుగడ్డి."

"గడ్డా! అమ్మా, ఆస్ట్రేలియాలోకి గడ్డా?"

"గమ్మునుండు. చెప్పకుండా పోతే ఎవరికి తెలుస్తాది?" అన్నారు శారదాంబగారు.

"అత్తయ్యా, ప్లీజ్. ఇక్కడ కుక్క వచ్చి వాసన చూస్తుంది. డిక్లేర్ చేయాల్సిందే."

డిక్లేర్ చేశాం. బల్ల వెనక చేతులకి తొడుగులు వేసుకున్న ఒక పొడుగాటి ఆఫీసరమ్మ పెట్టె విప్పింది. గడ్డి చూసి పెదవి విరిచింది. శారదాంబగారు లక్ష్మీ అష్టోత్తరం మొదలుపెట్టారు. తన్మయి నా వెనక దాక్కుంది. ఆఫీసరమ్మ ముసలాయన్ని పైకి తీసి, తిప్పి, అరికాలు చూసి, గోటితో కొట్టి, వాసన కూడా చూసింది.

"హూ ఆర్ దీజ్ టూ?"

శారదాంబగారు అష్టోత్తరం ఆపి, ముందుకు జరిగి, "హస్బెండ్ అండ్ వైఫ్. షాప్ పీపుల్. వెరీ గుడ్ ఫ్యామిలీ," అన్నారు.

ఆఫీసరమ్మ నవ్వేసింది. గడ్డి మొత్తం ఒక సంచిలోకి పోయింది. బొమ్మలు కాల్చిన మట్టివి కాబట్టి ఒక్కొక్కదాన్నీ తుడిచి మా చేతికిచ్చింది. జంటని శారదాంబగారు శాలువాలో చుట్టి, గిరావీన్ దాకా ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు.

దసరా శనివారం పేరంటం. భానుప్రసాద్ అట్టపెట్టెలతో మెట్లు కట్టాడు, నేను పైన తెల్ల పంచె పరిచాను. పై మెట్టు మీద కలశం, దేవుళ్లు శారదాంబగారే పెట్టారు. అలాంటివి ముత్తైదువలు చేసేవని నేను వంటింట్లో శనగలు తాలింపు వేస్తూ ఉండిపోయాను. అక్కడే ఉండమని ఎవరూ అనలేదు, నా అలవాటది. కింది మెట్టు మీద సెట్టిగారి అంగడి వెలిసింది. తన్మయి అగ్గిపెట్టెల్లో బియ్యం, కందిపప్పు, మిరపకాయలు పోసి వాళ్ల ముందు పేర్చింది. పక్కన నాట్యగత్తెలు, ఏనుగులు. నిజంగానే కళ్లు చాలలేదు.

అందరికంటే ముందు తన్మయి స్నేహితురాలు ఫా, వాళ్లమ్మ నిత్తయ వచ్చారు. వాళ్లది థాయ్‌లాండే, ఉండేది మా వీధి చివర. నిత్తయ చెప్పులు విప్పి లోపలికి వస్తూనే కొలువు చూసి ఆగిపోయింది. గబగబా కిందికి వంగి, సెట్టిగారి జంటకి రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టింది. ఆ తర్వాత నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది.

"వై ఆర్ దే సెల్లింగ్ చిల్లీస్?" అంది.

తన్మయి చెప్పింది. నిత్తయ కాదని తల ఊపి, మెల్లగా విడమరిచి చెప్పింది. శ్రీదివ్య మాకు తెలుగులో చెబుతూ వచ్చింది. వాళ్ల ఊళ్లో ప్రతి ఇంటికీ ఆ నేలకి సొంతదారైన ఒక ఆత్మ ఉంటుందట. ఆ ఆత్మ ఉండడానికి వాకిట్లో స్తంభం మీద చిన్న ఇల్లు కడతారట. ఈ ముసలివాళ్లు దానికి పనివాళ్లట. నాట్యగత్తెలు దాన్ని సంతోషపెట్టడానికట.

"ఆత్మ అంటే?" అన్నారు శారదాంబగారు.

"స్పిరిట్, అత్తయ్యా."

"దయ్యం అని చెప్పలేవూ!" ఆవిడ రెండడుగులు వెనక్కి వేశారు. "అమ్మో, దయ్యానికి పెట్టే బొమ్మల్నా నేను ఒళ్లో పెట్టుకోని వచ్చింది! కలశం కింద కూర్చోబెట్టింది! తియ్యండి. ముందు తియ్యండి."

"అత్తయ్యా, జనం వచ్చే టైమైంది."

"రానీ. జంట తీసేస్తే కొలువు లేదు. కొలువు లేదంటే లేదు. ఫలహారం పెట్టి పంపిస్తాం."

నిత్తయ మొహం పాలిపోయింది. తాను ఏదో పాడుచేశానని అర్థమైంది పాపం. ఫా వాళ్లమ్మ చెయ్యి పట్టుకుంది. తన్మయి ఏడవలేదు. కింది మెట్టు ముందు కూర్చుని, మిరపకాయల అగ్గిపెట్టె తీసి పక్కన పెట్టింది. తర్వాత పప్పుది. తర్వాత బియ్యానిది. అది ఏడ్చినా అంత బాధ ఉండేది కాదు నాకు.

వంటింటి గుమ్మంలోంచే అంతా చూస్తున్న నేను శనగల గరిటె చేతిలో ఉండగానే బయటికొచ్చాను.

"దివ్యా, ఆ అమ్మాయిని అడుగు. ఈ ముసలివాళ్లు రోజంతా ఏం పని చేస్తారట?"

నిత్తయ వేళ్ల మీద లెక్కపెడుతూ చెప్పింది. శ్రీదివ్య తెలుగు చేసింది. "ఇల్లు చూసుకుంటారటమ్మా. ఊడుస్తారు, వండుతారు. యజమాని వచ్చేదాకా కాపలా ఉంటారు. వాళ్లుంటే ఇల్లు ఒంటరిగా ఉండదట."

నాకు నవ్వొచ్చింది. "వదినగారూ, అయితే వీళ్లు దయ్యాలూ కారు, సెట్లూ కారు. మనమే."

"ఏంది?"

"పొద్దున్నే వీళ్లందరూ ఆఫీసులకీ స్కూళ్లకీ పోతే ఇక్కడ ఇల్లు కాచేదెవరు? నేను. గంగాలిన్‌లో మీరు. పార్సిల్ వస్తే తీసేదెవరు? పిల్ల బడి నుంచి వచ్చేసరికి తలుపు తీసేదెవరు? కూర్చున్న తీరు చూడండి. సాయంత్రం మనం కిటికీ దగ్గర కూర్చునేది అట్లాగే కదా."

శారదాంబగారు కళ్లు చిన్నవి చేసి నన్ను చూశారు. "నన్ను పనిమనిషంటారా?"

"నన్ను నేను అనుకుంటే మీకు అభ్యంతరమా?"

ఆవిడ ఒక అడుగు ముందుకేసి, వంగి, జంటని పరీక్షగా చూశారు. వెనక సోఫాలో చలపతి అన్నయ్యగారు టీవీలో క్రికెట్ స్కోరు చూసుకుంటూ, "ఏమైంది, ఫలహారం ఎప్పుడు?" అన్నారు.

శారదాంబగారు ఆయన్ని చూసి, బొమ్మని చూశారు. "ఈ ముసలాయన మాత్రం ఖచ్చితంగా మా ఆయనే," అన్నారు. "కూర్చున్నోడు లేస్తే ఒట్టు."

ముందు శ్రీదివ్య నవ్వింది. తర్వాత నిత్తయ, ఏమీ అర్థం కాకుండానే. ఆ నవ్వులో శారదాంబగారూ కలిశారు.

"సరే, కాపలా వాళ్లయితే అంగడి దగ్గరెందుకు? కలశం దగ్గర ఉండాలి. పైకి ఎక్కించండి," అన్నారు. తన్మయి చెయ్యి చాపబోయింది. "నువ్వాగవే. వదినగారూ, ఆ గరిటె ఆడ పెట్టి ఇట్టా రండి. మీరు పెట్టండి."

"నేనా? మొదటి జంట..."

"ఇల్లు కాచేది మీరేనని ఇప్పుడే గదా అంత లెక్చర్ ఇచ్చారు! పెట్టండి. నేను వంగితే నడుం పట్టేస్తాది."

చేతులు పైట చెంగుకి తుడుచుకుని, ఇద్దరినీ తీసుకెళ్లి కలశానికి కొంచెం కింద, ఎదురుగా కూర్చోబెట్టాను. ఆయన కుడివైపా ఎడమవైపా అని కాసేపు వాదన జరిగింది. ఏ వైపైనా పరవాలేదని నిత్తయ చెప్పినా శారదాంబగారు ఒప్పుకోక, రెండుసార్లు మార్పించారు. నిత్తయ ఫాని ఇంటికి పరిగెత్తించి ఎర్రటి కూల్‌డ్రింకు సీసా తెప్పించి, గొట్టం వేసి వాళ్ల ముందు పెట్టింది. అది వాళ్ల నైవేద్యమట. శారదాంబగారు ఒక్క క్షణం తటపటాయించి, శనగల గిన్నెని దాని పక్కకి జరిపారు.

తలుపు గంట మోగింది. ఎదురింటి కళావతిగారు, ఆవిడ వెనక ఇంకో నలుగురు, పట్టుచీరల్లో. కళావతిగారు కొలువు ముందు చేరి, ముక్కు మీద వేలేసుకున్నారు.

"ఇదేంటి ఆంటీ, సెట్టిగారు పైకెక్కి కూర్చున్నాడు? ఆ కూల్‌డ్రింకేంటి?"

"ఆయన సెట్టిగారు కాదమ్మా," అన్నారు శారదాంబగారు తాపీగా. "అదో కథ. ముందు పడవ సంత సంగతి చెప్తా, కూర్చోండి. నేనూ మా వదినగారూ కాలవ గట్టున నిలబడి ఉండాం..."

"ముందు బొట్టు పెట్టండి అత్తయ్యా," అంది శ్రీదివ్య.

తన్మయి, ఫా ఇద్దరూ నాట్యగత్తెల్ని వరస మార్చి, జంటకి బాగా కనపడేలా నిలబెడుతున్నారు. నేను వంటింట్లోకి పరిగెత్తాను. రెండో విడత శనగలు మాడుతున్న వాసన వస్తోంది.